సైనికులకు చారిత్రక సంపద రక్షణలో శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

సైనికులకు పాత కట్టడాలను కాపాడటం నేర్పుతారని ఎవరితో అన్నా ముందు ఓ నవ్వు నవ్వుతారు, తర్వాత అవే ప్రశ్నలు అడుగుతారు. ఎన్‌సీసీ పిల్లలు, మాజీ సైనికులు, ఆర్కియాలజీ చదివేవాళ్ళు, యూఎన్ శాంతిసేనకు కొడుకును పంపిన ఇంటివాళ్ళు, ఎవరడిగినా తిప్పితిప్పి ఇవే. అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.

## ముందు అసలు సంగతి

సైనికుడి పని యుద్ధం చేయడం కదా, గుళ్ళూ మ్యూజియాలూ చూసుకోవడం కూడా వాళ్ళ పనేనా?

యుద్ధం జరిగేచోట గొయ్యి ఎక్కడ తవ్వాలి, ట్యాంకు ఏ దారిన పోవాలి, ఏ బిల్డింగ్ ఎక్కి చూడాలి, హెలికాప్టర్ ఎక్కడ దించాలి అనేవన్నీ తేల్చేది సైనికులే. వీటిలో ఏ ఒక్కటి తెలియక చేసినా వేల ఏళ్ళ నాటిది ఒక్క పూటలో పోతుంది. కాబట్టి పనిగట్టుకుని కొత్త డ్యూటీ ఏమీ వేయడం లేదు, రోజూ చేసే పనినే కాస్త చూసి చేయమంటున్నారు. ఇందులో సైన్యానికి స్వార్థం కూడా ఉంది. ఊరంతా మొక్కే సమాధి మీదుగా జీపు పోనిచ్చిన పటాలానికి మర్నాటి నుంచి ఆ ఊళ్ళో ఒక్కడూ సమాచారం ఇవ్వడు.

ఇదంతా ఈమధ్య యునెస్కోవాళ్ళు తెచ్చిన ఫ్యాషన్ కాదా?

యునెస్కో పుట్టకముందే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 నుంచి మిత్రదేశాల సైన్యాల్లో కట్టడాలు, కళాఖండాల కోసం ప్రత్యేక విభాగం పనిచేసింది. మాన్యుమెంట్స్ మెన్ అని జనం పిలుచుకునేది వీళ్ళనే. మ్యూజియం క్యూరేటర్లు, ఆర్కిటెక్టులు, కళాచరిత్ర ప్రొఫెసర్లు, ఆడా మగా కలిపి సుమారు 350 మంది. నాజీలు ఆస్ట్రియాలో ఆల్టౌసే ఉప్పుగనిలో దాచిన కళాఖండాలను వెలికి తీయించింది వీళ్ళే.

మనకు దగ్గరి ఉదాహరణ ఇంకోటుంది. 1943లో బ్రిటిష్ సైన్యం లిబియాలో లెప్టిస్ మాగ్నా అనే రోమన్ నగర శిథిలాల్లోకి వచ్చినప్పుడు, ఆ సైన్యంలోనే ఫిరంగి దళ ఆఫీసర్‌గా ఉన్న పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్, అక్కడ రాడార్ కేంద్రం పెట్టబోతున్నవాళ్ళను అడ్డుకుని, స్థలానికి రక్షణ ఏర్పాట్లు చేయించాడు. మరుసటి ఏడాది, 1944లో, ఆయనే మన ఆర్కియలాజికల్ సర్వేకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు. ఈ సంగతి మన ఆర్కియాలజీ విద్యార్థుల్లోనే చాలామందికి తెలియదు.

దీనికిందకి ఏమేం వస్తాయి? తాజ్ మహల్ లాంటి పెద్దవేనా?

పెద్దవి ఎలాగూ వస్తాయి. వాటితోపాటు పురావస్తు స్థలాలు, తాళపత్రాలు, రాతప్రతులు, లైబ్రరీలు, రికార్డు ఆఫీసులు, మ్యూజియాలు, యుద్ధం వచ్చిందని వస్తువులను తరలించి దాచిన గోడౌన్లు కూడా వస్తాయి. కట్టడంలాగా కనిపించనివే ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. గోపురాన్ని చూసి ఎవరైనా ఆగుతారు. మట్టిదిబ్బను చూసి ఎవడూ ఆగడు.

మనుషులు చచ్చిపోతుంటే రాళ్ళ గురించి ఆలోచించడమేంటండీ?

న్యాయమైన ప్రశ్నే. 1943 డిసెంబర్ 29న ఇటలీలో తన కమాండర్లకు రాసిన లేఖలో మిత్రదేశాల సేనాధిపతి, అమెరికా జనరల్ ఐజెన్‌హోవర్ దీనికి సూటిగా జవాబిచ్చాడు. ఒక గొప్ప కట్టడమా మన మనుషుల ప్రాణాలా అని నిజంగా తేల్చుకోవాల్సి వస్తే ప్రాణాలకే ఓటు, కానీ చాలాసార్లు అసలు పరిస్థితి అలా ఉండదు, సైనిక అవసరం అనే మాట చాటున సైనికుల సౌకర్యాన్ని, ఒక్కోసారి సొంత సుఖాన్ని కూడా దాచిపెడుతుంటారు అన్నది దాని సారం.

అదే ఇటలీలో, ఆ లేఖ రాసి రెండు నెలలైనా కాకముందే, 1944 ఫిబ్రవరి 15న మోంటే కాసినో మఠాన్ని మిత్రదేశాల విమానాలు నేలమట్టం చేశాయి. లోపల తలదాచుకున్న మామూలు జనం చనిపోయారు. జర్మన్లు ఆ తర్వాతే శిథిలాల్లోకి చేరి, కూలిన గోడల చాటునుంచి ఇంకా గట్టిగా పోరాడారు. కొండ చేతికి చిక్కేసరికి మే 18 అయింది. అంటే ఆ మఠాన్ని కొట్టడం వల్ల సైనికుల ప్రాణాలు మిగిలాయని చెప్పడానికి కూడా లేదు. ప్రాణాలా రాళ్ళా అని అడిగేముందు, రాళ్ళు పోతే ప్రాణాలు నిజంగా మిగులుతాయా అని కూడా అడగాలి.

## చట్టం సంగతులు

సైన్యాలు ఈ శిక్షణ ఇచ్చి తీరాలా, ఇష్టముంటే ఇస్తాయా?

యుద్ధంలో చారిత్రక సంపదను కాపాడాలని దేశాలు చేసుకున్న 1954 నాటి హేగ్ ఒప్పందంలో చేరినవాళ్ళైతే ఇచ్చి తీరాలి. యుద్ధం లేని రోజుల్లోనే సైనిక నియమావళిలో ఈ విషయాలు చేర్చాలని, సైన్యంలో ఇందుకోసం నిపుణులను సిద్ధం చేసుకోవాలని ఏడో అధికరణం చెబుతుంది. సైనిక శిక్షణలో దీన్ని పాఠంగా పెట్టాలని ఇరవై ఐదో అధికరణం అంటుంది. 130కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. కాగితం మీద మాట అది. ఆచరణలో చాలాచోట్ల ఏడాదికోసారి చట్టాల క్లాసులో ఒక స్లైడు చూపించి టిక్కు పెట్టేస్తారు. ఒప్పందంలో చేరడానికే అమెరికాకు 2009 వరకూ, బ్రిటన్‌కు 2017 వరకూ పట్టింది.

తప్పనిసరైతే కట్టడాన్ని కూల్చేయొచ్చని ఆ చట్టంలోనే ఉందట కదా, మరి ఇంక దేనికి?

ఉంది. సైనికంగా తప్పనిసరి అవసరం ఏర్పడితే మినహాయింపు అని 1954 ఒప్పందం రాసింది, కానీ తప్పనిసరి అంటే ఏమిటో విడమరచలేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకున్నారు. అందుకే 1999లో వచ్చిన రెండో ప్రోటోకాల్, అంటే అనుబంధ ఒప్పందం, దాన్ని బిగించింది. ఆ కట్టడాన్ని దాడి చేయాల్సిన సైనిక లక్ష్యంగా ఎవరో మార్చి ఉండాలి, అదే ఫలితం సాధించడానికి వేరే దారి ఉండకూడదు, నిర్ణయం బెటాలియన్ స్థాయి కమాండర్‌కు తగ్గకుండా తీసుకోవాలి, వీలుంటే ముందే హెచ్చరించాలి. పరిస్థితి మరీ చెయ్యి దాటినప్పుడు మాత్రమే అంతకన్నా చిన్న దళం నాయకుడు తేల్చొచ్చు. శిక్షణలో ఆఫీసర్లతో ఎక్కువసార్లు చేయించే కసరత్తు ఈ ఒక్క విషయం మీదే ఉండాలని నా అభిప్రాయం. సిపాయికి చెప్పాల్సింది మాత్రం ఒక్క ముక్కే: ఇది నీ స్థాయిలో తీసుకునే నిర్ణయం కాదు, పైకి అడుగు.

దీనికి ఎవరికైనా నిజంగా శిక్ష పడిందా?

పడింది. 1991 డిసెంబర్ 6న యుగోస్లావ్ సైన్యం క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ పాత నగరం మీద ఫిరంగి గుండ్లు కురిపించింది. అది ప్రపంచ వారసత్వ నగరం. దానిమీద అంతర్జాతీయ ట్రిబ్యునల్ నేవీ అడ్మిరల్ యోకిచ్‌కు ఏడేళ్ళు, జనరల్ స్ట్రుగార్‌కు ఎనిమిదేళ్ళు (అప్పీలులో ఏడున్నర అయింది) జైలు వేసింది. పై ర్యాంకులవాళ్ళే బోనెక్కారని గమనించండి. మాలీలో టింబక్టు సమాధి మందిరాలను కూలగొట్టించిన అహ్మద్ అల్ మహ్దీకి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016 సెప్టెంబర్ 27న తొమ్మిదేళ్ళు వేసింది. కూలిన కట్టడాలు పది. ఆ కోర్టు కేవలం ఇలాంటి విధ్వంసం మీదే నడిపిన మొదటి కేసు అది. పైవాళ్ళు చెప్పారు కాబట్టి చేశాను అనే మాట, తప్పని కళ్ళకు కనబడే ఆర్డర్ విషయంలో నిలబడదు.

నీలం, తెలుపు రంగుల షీల్డు బొమ్మ ఎక్కడో చూశాను, అదేంటి?

హేగ్ ఒప్పందం పెట్టిన గుర్తు అది. ఆసుపత్రికి రెడ్‌క్రాస్ ఎలాగో కట్టడాలకు ఇది అలాగ. కింద మొనతేలిన డాలు ఆకారం, అందులో నీలం, తెలుపు. ఇది కనబడితే దాని మీద కాల్పులూ వద్దు, దాన్ని స్థావరంగా వాడటమూ వద్దు. ఒక చిక్కుంది. గుర్తు పెట్టనంత మాత్రాన రక్షణ పోదు. ముందుగా చెప్పకపోతే కొత్త సైనికులు దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, బోర్డు లేదు కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. కావాలని ధ్వంసం చేసేవాడికి ఆ బోర్డే దారి చూపిస్తుందని భయపడి పెట్టని దేశాలూ ఉన్నాయి, ఆ భయం ఒట్టిదేమీ కాదు.

## శిక్షణ జరిగేటప్పుడు

శిక్షణలో అసలేం నేర్పుతారు? చరిత్ర పాఠాలా?

చరిత్ర పాఠాలు మొదలుపెడితే పది నిమిషాల్లో సగం మంది నిద్రపోతారు. రాజుల పేర్లు, కాలాలు సిపాయికి అక్కర్లేదు. కావాల్సినవి చేతలు: ఇలాంటి చోట తవ్వకు, బండిని ఇక్కడ ఆపకు, ఇది కనబడితే ఆగి వైర్‌లెస్‌లో ఫలానావాళ్ళకు చెప్పు, ముట్టుకోకుండా ఫొటో తియ్యి. అమెరికాలో ఫోర్ట్ డ్రమ్ అనే సైనిక స్థావరంలో లారీ రష్ అనే పురావస్తు శాస్త్రవేత్త శిక్షణ మైదానంలోనే నకిలీ శ్మశానం, నకిలీ శిథిలాలు కట్టించారు. మామూలు యుద్ధ విన్యాసం చేస్తూనే వాటి మధ్యనుంచి పోవాలి. క్లాసులో వంద స్లైడ్లకన్నా ఇది నయం, ఎందుకంటే కాల్పుల శబ్దం మధ్య, టెన్షన్‌లో ఉన్నప్పుడు గుర్తొచ్చేది చేసి చూసిందే.

పేకముక్కలతో పాఠాలు చెప్పారట, నిజమా జోకా?

నిజమే. 2007లో అమెరికా రక్షణ శాఖ ఇరాక్, అఫ్గానిస్తాన్ వెళ్ళే సైనికుల కోసం ప్రత్యేకంగా పేకలు అచ్చువేసింది. డైమండ్ ముక్కల మీద కళాఖండాల గురించి, ఇస్పేటు మీద తవ్వకాల గురించి, ఆఠీను మీద స్థానికుల మనసు గెలవడం గురించి, కళావరు మీద కట్టడాల రక్షణ గురించి ఒక్కో బొమ్మ, ఒక్కో వాక్యం. కళావరు ఏడు మీద ఇరాక్‌లోని టెసిఫోన్ కమాను ఫొటో ఉంటుంది, పదిహేడు శతాబ్దాలు నిలిచిన ఇది మీ చేతుల్లో నిలుస్తుందా అని అడుగుతుంది. పోస్టులో గంటలకొద్దీ ఖాళీగా కూర్చునే సిపాయి చేతిలోకి పుస్తకం పెడితే చదవడు, పేక ఇస్తే రోజూ చూస్తాడు. నన్నడిగితే ఈ రంగంలో వచ్చిన ఆలోచనల్లో ఇదే అన్నింటికన్నా తెలివైనది. కాకపోతే 2003లో యుద్ధం మొదలైతే పేకలు వచ్చింది 2007లో.

సిపాయికీ ఆఫీసర్‌కీ ఒకటే శిక్షణా?

ఒకటే ఇస్తే ఇద్దరికీ ఉపయోగం ఉండదు. సిపాయికి గుర్తుపట్టడం, ఆగడం, చెప్పడం చాలు. ఇంజనీరింగ్ దళానికి నేల గురించి ఇంకాస్త ఎక్కువ కావాలి, బుల్‌డోజర్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది కాబట్టి. ఫిరంగులు, విమానాల లక్ష్యాలు నిర్ణయించేవాళ్ళకు కొట్టకూడని చోట్ల జాబితా ఎలా వాడాలో తెలియాలి. వీళ్ళందరి పైన కొందరు నిపుణులు ఉంటారు. ఇటలీలో కరబినియేరి అనే సైనిక పోలీసు దళం 1969 నుంచే కళాసంపద కోసం ప్రత్యేక విభాగాన్ని నడుపుతోంది. అమెరికాలో మ్యూజియాలు నడిపే స్మిత్సోనియన్ సంస్థ, సైన్యం కలిసి 2022లో మాన్యుమెంట్స్ ఆఫీసర్లకు శిక్షణ మొదలుపెట్టాయి, ఇందులోకి వచ్చేది ఎక్కువగా మ్యూజియం, పురావస్తు రంగాల్లో ఉద్యోగాలు చేస్తూ రిజర్వు దళంలో ఉండేవాళ్ళు.

ఆర్కియాలజీ ఏబీసీడీలు తెలియని జవాను పాత స్థలాన్ని ఎలా గుర్తుపడతాడు?

పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడికి ఇది మనం అనుకున్నంత కష్టం కాదు. మన ఊళ్ళ పక్కన పాటిదిబ్బలు ఉంటాయి కదా, వేసవిలో బండ్లమీద పాటిమట్టి తోలుకెళ్ళి చేలల్లో వేసేవాళ్ళు, ఆ మట్టిలో పెంకులు, బూడిద, ఒక్కోసారి పూసలు వచ్చేవి. ఇరాక్, సిరియా మైదానాల్లో కనిపించే దిబ్బలూ అలాంటివే, కాకపోతే మరీ పెద్దవి. చదునైన నేల మధ్య ఒంటరిగా లేచిన దిబ్బ కనబడితే మొదటి అనుమానం. దగ్గరికి వెళితే కాళ్ళకింద కుండపెంకులు గుప్పెడు గుప్పెడు దొరుకుతాయి. గొయ్యి తవ్వితే పక్క గోడలో మట్టి ఒకే రంగులో ఉండదు, బూడిదరంగు చార, దానికింద ఎర్రమట్టి, మళ్ళీ నల్లచార, పొరలు పొరలుగా ఉంటుంది. ఇటుకలు వరసలో కనిపిస్తే ఇంక అనుమానమే లేదు. గడ్డి ఒకచోట గీత గీసినట్టు ఎండిపోయి, పక్కన పచ్చగా ఉన్నా కింద గోడ ఉందేమో అనుకోవాలి.

ఇంకో గుర్తు కూడా నేర్పుతారు. దిబ్బ నిండా మనిషి లోతు గుంతలు, పక్కన కొత్త మట్టి కుప్పలు ఉంటే అక్కడ దొంగలు తవ్వుతున్నారని అర్థం.

## రంగంలోకి దిగాక

ఇసుక బస్తాలు నింపితే ఏం మునిగిపోతుంది?

బాబిలోన్ కథ వినండి. 2003, 2004లో ఇరాక్‌లోని ఆ పురాతన నగరం మీదే అమెరికా, పోలండ్ సైన్యాలు పెద్ద క్యాంపు పెట్టాయి. తర్వాత బ్రిటిష్ మ్యూజియం తరఫున జాన్ కర్టిస్ పరిశీలించి 2005లో రిపోర్టు ఇచ్చాడు. హెలిప్యాడ్ కోసం నేల చదును చేశారు, కందకాలు తవ్వారు, నెబుకద్‌నెజర్ రాజు కాలంనాటి ఊరేగింపు వీధిలో ఇటుకలు పెద్ద బండ్ల కింద పగిలాయి, ఇష్తార్ ద్వారం మీది డ్రాగన్ బొమ్మల ఇటుకల్ని ఎవరో ఊడబీకబోయారు. బస్తాల్లో నింపిన మట్టి నిండా పాత పెంకులు, ఎముకలు.

అసలు మెలిక దీని తర్వాత. ఇక్కడి మట్టి తవ్వొద్దని అభ్యంతరాలు వచ్చాక బయటినుంచి మట్టి తెప్పించి నింపారు. మంచి పనే కదా అనిపిస్తుంది. కానీ ఆ బస్తాలు చిరిగి బయటి మట్టి, దాంతోపాటు వేరే చోటి పెంకులు, బాబిలోన్ నేలమీద కలిసిపోయాయి. రేపు తవ్వేవాళ్ళకు ఏ పెంకు ఎక్కడిదో తేలదు. ఎవడూ చెడు ఉద్దేశంతో చేయలేదు. క్యాంపు వేసేముందు ఒక్క నిపుణుణ్ణి అడిగి రెండు కిలోమీటర్లు పక్కకు జరిగి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు.

పాత మినార్ ఎక్కి కాపలా కాస్తే తప్పేంటి? దాన్ని పగలగొట్టడం లేదుగా?

మీరు ఎక్కగానే అది ఎదుటివాడికి లక్ష్యం అయిపోతుంది. ఇరాక్‌లో సమర్రా మెలితిరిగిన మినార్, తొమ్మిదో శతాబ్దం నాటిది, ఊరంతా కనబడుతుందని అమెరికా స్నైపర్లు దానిపైకి ఎక్కి కూర్చున్నారు. 2005 ఏప్రిల్‌లో తిరుగుబాటుదారులు దాని కొనను పేల్చేశారు. ఎత్తు కావాలంటే వాటర్ ట్యాంకు వెతుక్కోమని శిక్షణలో చెబుతారు, లేకపోతే డ్రోన్ ఎగరేయమంటారు.

శత్రువే కోటలోనో గుడిలోనో దాక్కుంటే చేతులు ముడుచుకుని కూర్చోవాలా?

అక్కర్లేదు. కట్టడాన్ని యుద్ధానికి వాడుకోవడం మొదట శత్రువు చేసిన తప్పు. అయినా మీ దగ్గర ఏ ఆయుధం ఉంది, ఏ కోణంలో కొట్టొచ్చు అనేది మీ చేతిలోనే ఉంటుంది. 2011లో లిబియాలో రాస్ అల్మర్గెబ్ అనేచోట గడాఫీ సైన్యం రోమన్ కోట శిథిలాల చుట్టూ రాడార్ వాహనాలు మోహరించింది. ఆ కోట సంగతి నాటో దళాలకు నిపుణుల జాబితా ద్వారా ముందే తెలుసు. గురితప్పని ఆయుధాలు ఎంచుకుని వాహనాలను మాత్రం ధ్వంసం చేశారు, కోట గోడలకు కాస్త గీతలు పడ్డాయంతే. ముందే జాబితా ఉండటం వల్ల అయిన పని అది.

స్థలాన్ని కాపాడటానికి అక్కడే క్యాంపు వేస్తే మంచిది కాదా?

ఒక్కోసారి మంచే జరుగుతుంది, అందుకే ఈ ప్రశ్నకు అడ్డంగా తల ఊపలేను. ఇరాక్‌లో ఉర్ అనే పురాతన నగరం, అక్కడి జిగ్గురాత్ (మెట్లుమెట్లుగా కట్టిన పాత గుడి) తల్లిల్ వైమానిక స్థావరం కంచె లోపలికి వచ్చాయి. ఫలితంగా దక్షిణ ఇరాక్‌లో చాలా స్థలాలను దొంగలు జల్లెడలా తవ్వేసిన రోజుల్లో ఉర్ మిగిలింది. కంచె దూరంగా వేసి కాపలా కాయడం వేరు, దాని నెత్తిన టెంట్లు, డీజిల్ ట్యాంకులు పెట్టుకోవడం వేరు. స్థలం అంచు ఎక్కడో పురావస్తువాళ్ళతో గీయించుకుని, బరువైనదేదీ ఆ గీత లోపలికి రానివ్వకపోతే సగం సమస్య తీరుతుంది.

కందకం తవ్వుతుంటే విగ్రహమో నాణెమో బయటపడితే ఏం చేయాలి?

తవ్వడం ఆపాలి, అది మొదటి మాట. పైకి లాగొద్దు, కడగొద్దు. పక్కన పెన్నో అగ్గిపెట్టో పెట్టి ఫొటో తీయండి, సైజు తెలుస్తుంది. జీపీఎస్ లెక్క రాసుకోండి, ఎంత లోతులో ఉందో రాసుకోండి, పైకి రిపోర్టు చేయండి. ప్రాణాపాయం ఉండి ఆ గొయ్యి తప్పదంటే ఫొటో తీశాక పలచగా మట్టి కప్పి ముందుకెళ్ళండి. బయటికి తీసిన నాణెం కంటే నేలలో ఉన్న నాణెం ఎక్కువ చెబుతుంది, దానికింద పొర ఏ కాలానిదో అదే చెబుతుంది కాబట్టి.

జేబులో వేసుకుంటే మాత్రం అది దొంగతనమే. హేగ్ ఒప్పందం దోపిడీని నిషేధించింది, ఇందులో సైనిక అవసరం అనే మినహాయింపు కూడా లేదు. బజార్లో ఎవడో చవగ్గా అమ్ముతున్న మట్టిపలక కొనడమూ అంతే, ఆ డబ్బు తుపాకులకు పోవచ్చు.

మ్యూజియాన్ని జనం దోచుకుంటుంటే సైనికులు కాల్చాలా?

సామాన్య జనం మీద కాల్పులు జరపమని ఏ శిక్షణా చెప్పదు, చెప్పకూడదు. అంతవరకూ రాకుండా చూడటమే పని. బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియం 2003 ఏప్రిల్ 10 నుంచి 12 వరకూ దోపిడీకి గురైంది, సుమారు 15,000 వస్తువులు పోయాయి. కాపాడాల్సిన చోట్ల జాబితాలో సెంట్రల్ బ్యాంక్ తర్వాత రెండో పేరు ఈ మ్యూజియందే. జాబితా రాసినవాళ్ళు రాశారు, వీధిలో ఉన్న దళాలకు అది పని చేసే ఆర్డర్‌గా చేరలేదు. ట్యాంకులు గేటు దగ్గరికి వచ్చింది 16న. ఇరాకీ సైనికులు మ్యూజియం ఆవరణలోంచి కాల్పులు జరపడం కూడా ఆలస్యానికి కారణమే, అది దాచిపెట్టనక్కర్లేదు. కానీ ఒక ట్యాంకు, ఒక ప్లటూన్ సమయానికి గేటు దగ్గర నిలబడితే చాలావరకూ ఒక్క తూటా పేల్చాల్సిన పని ఉండదు.

## కాల్పులు ఆగాక

ఒకసారి పోయినవి తిరిగి వస్తాయా?

కొన్ని వస్తాయి, తెలివిగా అడిగితే. బాగ్దాద్ మ్యూజియం దోపిడీ తర్వాత దర్యాప్తు చేసిన అమెరికా మెరీన్ కల్నల్ మాథ్యూ బొగ్డానోస్, అసలు ఉద్యోగం న్యూయార్క్‌లో ప్రాసిక్యూటర్, తెచ్చి ఇచ్చినవాళ్ళను ఏమీ అడగబోమని ప్రకటించాడు. మసీదుల్లో చెప్పించాడు, టీకొట్లలో కూర్చుని మాట్లాడాడు. సంచుల్లో, గోనెల్లో వస్తువులు రావడం మొదలయ్యాయి. అయిదు వేల ఏళ్ళనాటి వార్కా కలశం జూన్‌లో ఓ కారు డిక్కీలో ముక్కలుగా వచ్చింది. వార్కా ముఖం అనే పాత రాతి శిల్పం సెప్టెంబర్‌లో ఓ పెరట్లో పాతిపెట్టి ఉండగా దొరికింది. వేల వస్తువులు మాత్రం ఇప్పటికీ జాడ లేవు, అందులో చిన్న ముద్రికలు ఎక్కువ, జేబులో పడతాయి కాబట్టి.

కూలిన గుడి శిథిలాలను తీసి శుభ్రం చేస్తే సాయం చేసినట్టే కదా?

బుల్‌డోజర్‌తో తోసేస్తే రెండోసారి కూల్చినట్టు. చెక్కడం ఉన్న రాయి, కొయ్య, రంగు పూసిన సున్నం ముక్క దేన్నీ చెత్తతో కలపకూడదు. ఏ గోడ పక్కన పడిందో ఆ గోడ నంబరు రాసి అక్కడే ఒక కుప్పగా పెట్టాలి, ఎందుకంటే మళ్ళీ కట్టేవాళ్ళకు ఏ ముక్క ఎక్కడిదో చెప్పేది అది పడిన చోటే. 2015 భూకంపం తర్వాత ఖాట్మండూలో పాత గుళ్ళ చెక్కడాలను ఏరడంలో నేపాల్ సైనికులు, పోలీసులు పాలుపంచుకున్నారు. ఇటలీలో 2016 అమాట్రిచె భూకంపంలో కరబినియేరి ఇదే పని చేసింది. యుద్ధం కోసం నేర్చుకున్నది భూకంపానికి, వరదకూ పనికొస్తుంది, మనలాంటి దేశానికి ఈ వైపే ఎక్కువ అక్కర.

శాంతిసేనవాళ్ళకు కూడా ఇది నేర్పుతారా?

నేర్పుతున్నారు. 2013 ఏప్రిల్‌లో మాలీకి పంపిన యూఎన్ దళానికి భద్రతా మండలి ఇచ్చిన బాధ్యతల్లో చారిత్రక స్థలాల రక్షణ కూడా చేర్చారు, అలా చేర్చడం అదే మొదలు. సైనికులు జేబులో పెట్టుకునే చిన్న పుస్తకాన్ని యునెస్కో తయారుచేసి ఇచ్చింది. టింబక్టు మందిరాలను స్థానిక మేస్త్రీలే, తాతముత్తాతల పద్ధతిలోనే మళ్ళీ కట్టారు, 2015కల్లా ఆ పని అయింది. అక్కడ శాంతిసేన చేయాల్సిందల్లా మేస్త్రీని భయం లేకుండా పని చేసుకోనివ్వడం. లెబనాన్‌లో మన భారత బెటాలియన్ 1998 నుంచీ ఉంది, ఆ దేశంలో అడుగడుగునా ఏదో ఒక పాత స్థలమే.

## మన దగ్గర

ఇండియా ఈ ఒప్పందంలో ఉందా?

ఉంది. 1954 హేగ్ ఒప్పందాన్ని మనం 1958లోనే ఆమోదించాం, చాలా పెద్ద దేశాల కంటే ముందే. 1999 నాటి రెండో ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు. దేశం లోపల రక్షిత కట్టడాలకు 1958 చట్టం ఉంది, 2010 సవరణ తర్వాత వాటి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఢిల్లీ ఎర్రకోటను మన సైన్యం ఖాళీ చేసింది 2003 డిసెంబర్‌లో, స్వాతంత్ర్యం వచ్చాక కూడా అన్నేళ్ళు అది సైనిక స్థావరంగానే ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో సైన్యానికీ పాత స్థలాలకీ సంబంధం ఏముంది?

విశాఖ దగ్గర తొట్లకొండ బౌద్ధారామం బయటపడిందే నేవీ వల్ల. నౌకా స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే కొండమీద ఆనవాళ్ళు కనబడ్డాయి. తర్వాత 1988 నుంచి 1993 వరకూ పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు వెలుగు చూశాయి. కొత్తగా చేరినవాళ్ళకు బాబిలోన్ లాంటి చెడ్డ ఉదాహరణలే కాకుండా ఇలాంటిది కూడా చెబితే, ఈ పని ఎవరో తెల్లవాళ్ళు చెప్పే నీతి అనుకోరు. హైదరాబాద్‌లో ఆర్టిలరీ సెంటర్ ఉన్నదే గోల్కొండలో. అక్కడ శిక్షణ పొందే కుర్రాళ్ళను ఒక్క ఆదివారం కోటలోకి తీసుకెళ్ళి, నువ్వు ఫిరంగి పెట్టాల్సి వస్తే ఎక్కడ పెట్టవు అని అడిగితే చాలు, ఒక క్లాసు అయిపోతుంది.

నేను ఆర్కియాలజీ పీజీ చేశాను, ఈ రంగంలోకి ఎలా రావాలి?

ఆర్కియలాజికల్ సర్వే నడిపే ఇన్‌స్టిట్యూట్ గ్రేటర్ నోయిడాలో ఉంది, అక్కడి డిప్లొమా ఈ రంగానికి మంచి పునాది. రోమ్ కేంద్రంగా చారిత్రక సంపద సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్, ఆపత్కాలంలో కళాసంపదకు ప్రథమ చికిత్స పేరుతో కోర్సులు నిర్వహిస్తుంది, సైనికులు, ఫైర్‌వాళ్ళు, మ్యూజియంవాళ్ళు ఒకే తరగతిలో కూర్చుంటారు. ఉద్యోగం చేస్తూనే యూనిఫాం వేసుకోవాలంటే టెరిటోరియల్ ఆర్మీ ఉంది. చెట్లు నాటడానికి 1982 నుంచే టెరిటోరియల్ ఆర్మీలో ఎకో బెటాలియన్లు ఉన్నాయి కదా, కోటలకూ గుళ్ళకూ ఒక కంపెనీ అయినా ఎందుకు పెట్టకూడదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంత శిక్షణ ఇస్తే ఉపయోగం ఉందని రుజువేంటి? సిరియాలో పాల్మైరా అనే పురాతన నగరం విధ్వంసాన్ని ఆపగలిగారా?

ఆపలేకపోయారు. 2015లో ఐసిస్ వాళ్ళు కావాలని కూల్చారు, స్థలాన్ని జీవితమంతా కాపాడిన ఖాలెద్ అల్ అసద్‌ను చంపేశారు. పనిగట్టుకుని కూల్చేవాడిని ఏ క్లాసూ మార్చదు. ఈ శిక్షణ ఉన్నది తెలియనివాడి కోసం, తొందరలో ఉన్నవాడి కోసం, తనకు చెప్పలేదు కాబట్టి చేసేవాడి కోసం. యుద్ధాల్లో జరిగే నష్టంలో వీళ్ళ వాటా చిన్నదేమీ కాదు. పైగా జరగని నష్టానికి ఫొటో ఉండదు, వార్త రాదు, అందుకే రుజువు అడిగినప్పుడల్లా చెప్పేవాళ్ళు నీళ్ళు నములుతారు.

మా కాలేజీ ఎన్‌సీసీలో ఒక క్లాసు పెట్టాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఊరి పక్క దిబ్బ దగ్గర. పురావస్తు శాఖ జిల్లా ఆఫీసుకు ముందే లెటర్ పెట్టి, రక్షిత స్థలం అయితే అనుమతి తీసుకుని, కేడెట్లను రెండు జట్లు చేయండి. ఒక జట్టు అక్కడ రాత్రి క్యాంపు వేయడానికి ప్లాన్ గీయాలి, టెంట్లు, వంట, నీళ్ళ ట్యాంకర్, లెట్రిన్ గుంతలు అన్నీ కాగితం మీదే. రెండో జట్టు ఆ ప్లాన్ చూసి ఏది ఎక్కడ పెడితే ఏం పోతుందో దిబ్బ మీద నడుస్తూ చూపించాలి. నేలమీద కనబడే పెంకుల్ని లెక్కపెట్టమనండి, ఏరనివ్వకండి, జేబులు మాత్రం వెళ్ళేటప్పుడు చెక్ చేయండి. గంటన్నర సరిపోతుంది, ఉపన్యాసం పది నిమిషాలు మించనివ్వకండి.